మెట్రో రైలు ఛార్జీలు: దూరం లెక్క, ప్రయాణికుల స్పందన

హైదరాబాద్ మెట్రో రైలు ప్రయాణ ఛార్జీలను 2025 మే 17వ తేదీ నుంచి సవరించడం, వారం తిరగగానే మే 24వ తేదీ నుంచి ఆ ఛార్జీలపై రాయితీని అమలులోకి తేవడం విదితమే. కనిష్ఠ ఛార్జీ రూ.10ల నుంచి రూ.12లకు, గరిష్ఠ ఛార్జీ రూ.60ల నుంచి రూ.75లకు పెరిగిందన్న రెండు అంకెలే ఆనాడు వార్తల శీర్షికలలో ప్రధానంగా కనిపించాయి. ఈ రెండింటినే చూసినవారికి పెరుగుదల 20 నుంచి 25 శాతమన్న అభిప్రాయం కలగడం సహజం. కాని మెట్రోలో నిత్యం ప్రయాణించే ఉద్యోగి కనిష్ఠ ఛార్జీనీ చూడడు, గరిష్ఠ ఛార్జీనీ చూడడు. తాను ఎక్కే స్టేషన్ నుంచి దిగే స్టేషన్ వరకు నిన్న ఎంత ఇచ్చాడో, నేడు ఎంత ఇవ్వవలసి వచ్చిందో మాత్రమే చూస్తాడు. ఆ లెక్కలో కొందరికి పెరుగుదల 14 శాతం కాగా, మరికొందరికి 43 శాతం వరకు ఉన్నది. ప్రయాణికుల స్పందన ఒకే తీరుగా లేకపోవడానికి ఇదే ముఖ్య కారణం.

శ్లాబుల అమరిక

మెట్రో రైలు 2017 నవంబరు 28న ప్రారంభమై, మరుసటి రోజు నుంచి మియాపూర్, నాగోల్ మధ్య ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. ఆనాడు నిర్ణయించిన ఛార్జీల పట్టికలో మొదటి 10 కిలోమీటర్ల వరకు రెండేసి కిలోమీటర్లకు ఒక శ్లాబు, అటుపైన నాలుగేసి కిలోమీటర్లకు ఒక శ్లాబు ఉండేవి. 2 కి.మీ. వరకు రూ.10లు, 4 కి.మీ. వరకు రూ.15లు, 6 కి.మీ. వరకు రూ.25లు, 8 కి.మీ. వరకు రూ.30లు, 10 కి.మీ. వరకు రూ.35లు, 14 కి.మీ. వరకు రూ.40లు చొప్పున సాగి, 26 కి.మీ. దాటితే రూ.60లతో ముగిసేది.

2025 మే నెలలో మారినవి ధరలు మాత్రమే కావు, శ్లాబుల హద్దులు కూడా మారినవి. వార్తా కథనాలలో ఈ విషయానికి దక్కవలసినంత చోటు దక్కలేదు. మొదటి 6 కిలోమీటర్ల వరకు పాత హద్దులే కొనసాగగా, అక్కడి నుంచి మూడేసి కిలోమీటర్లకు ఒక శ్లాబును ఏర్పాటు చేశారు. ఆ ప్రకారం 6 నుంచి 9 కి.మీ. వరకు రూ.40లు, 12 కి.మీ. వరకు రూ.50లు, 15 కి.మీ. వరకు రూ.55లు, 18 కి.మీ. వరకు రూ.60లు, 21 కి.మీ. వరకు రూ.66లు, 24 కి.మీ. వరకు రూ.70లు, ఆపైన రూ.75లుగా నిర్ణయించారు. తొలి మూడు శ్లాబులు రూ.12లు, రూ.18లు, రూ.30లు అయినవి. అనగా 6 కిలోమీటర్లలోపు ప్రయాణించేవారికి పెరుగుదల కచ్చితంగా 20 శాతం. హద్దులు మారలేదు గనుక అక్కడ గందరగోళానికి తావు లేదు.

చిక్కు ఆ తరువాతనే మొదలవుతుంది. ఒకే కార్యాలయంలో పనిచేసే ఇద్దరు ఉద్యోగులను ఊహించుకుంటే విషయం తేటపడుతుంది. ఒకరి ప్రయాణం ఎనిమిదిన్నర కిలోమీటర్లు, మరొకరిది తొమ్మిదిన్నర కిలోమీటర్లు. పాత పట్టిక ప్రకారం ఇద్దరూ 8 నుంచి 10 కి.మీ. శ్లాబులోనివారే. ఇద్దరూ రూ.35లే చెల్లించేవారు. కొత్త పట్టికలో మొదటి వ్యక్తి రూ.40ల శ్లాబులోకి, రెండవ వ్యక్తి రూ.50ల శ్లాబులోకి వచ్చారు. ఒకరికి పెరిగినది 14 శాతం, రెండవవారికి దాదాపు 43 శాతం. నెలకు 26 పని దినాలు, రోజుకు రాకపోకలు కలిపి రెండు ప్రయాణాల చొప్పున లెక్క వేస్తే, పూర్వం ఇద్దరికీ నెలకు రూ.1,820లే అయ్యేది. మే 17 నాటి ఛార్జీతో మొదటివారికి రూ.2,080లు, రెండవవారికి రూ.2,600లు అయింది. పక్కపక్క కుర్చీలలో కూర్చునే ఇద్దరిలో ఒకరు "ఏదో కొంచెం పెరిగింది" అని, మరొకరు "ఇదెక్కడి పెంపు" అని అనడంలో ఇద్దరి మాటా నిజమే.

ఇటువంటి చోట్లు పట్టికలో మరికొన్ని ఉన్నాయి. 12 నుంచి 14 కి.మీ. మధ్య ప్రయాణించేవారికి రూ.40లు కాస్తా రూ.55లయింది. 21 నుంచి 22 కి.మీ. మధ్యనున్న కొద్దిపాటి వర్గానికి రూ.50ల నుంచి ఒక్కసారిగా రూ.70లకు, అంటే 40 శాతం పెరిగింది. దీనికి భిన్నంగా 14 నుంచి 15 కి.మీ. మధ్య పెరుగుదల 22 శాతమే. మొత్తం మీద మియాపూర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు ఈ చివరి నుంచి ఆ చివరికి 29 కి.మీ. వెళ్లేవారి కన్న, నడిమి దూరాలలో ప్రయాణించేవారిలో పలువురిపై భారం శాతంలో ఎక్కువగా పడింది.

విద్యుత్ బిల్లుల పుణ్యమా అని శ్లాబు అన్న మాట తెలుగువారికి కొత్త కాదు. అయితే టెలిస్కోపిక్ పద్ధతిలో ఉన్న విద్యుత్ బిల్లులో శ్లాబు దాటితే, దాటిన యూనిట్లకు మాత్రమే అధిక ధర వర్తిస్తుంది. మెట్రో ఛార్జీ అట్లా కాదు. శ్లాబు దాటిన ప్రయాణికుడు అదనపు వంద మీటర్లకు కాక, కొత్త శ్లాబు మొత్తాన్ని చెల్లించాలి. అందువల్ల హద్దుకు ఇటు ఉన్న స్టేషన్‌కు, అటు ఉన్న తరువాతి స్టేషన్‌కు మధ్య రూ.10ల వ్యత్యాసం రావడానికి అవకాశమున్నది. దూరాన్ని బట్టి ఛార్జీ అన్న సూత్రం న్యాయమైనదేనని అంగీకరించేవారు కూడా ఇక్కడ అభ్యంతరం చెబుతారు. ఒక స్టేషన్ ముందుగా దిగి మిగిలిన దూరం నడిచివెళితే ఎంత మిగులుతుందని లెక్క వేసుకోవడం ఏ నగరంలోనైనా ప్రయాణికులు చేసే పనే.

దూరం అంటే ఏ దూరం

దూరమనగా రోడ్డు దూరం కాదు, రైలు మార్గం మీద దూరం. ప్రవేశ ద్వారం వద్ద స్మార్ట్ కార్డు లేదా క్యూఆర్ టికెట్‌ను చూపినపుడు యంత్రం ఎక్కిన స్టేషన్‌ను, నిష్క్రమణ ద్వారం వద్ద దిగిన స్టేషన్‌ను గుర్తిస్తుంది. అమీర్‌పేట, ఎం.జి.బి.ఎస్., పరేడ్ గ్రౌండ్ వద్ద ఒక మార్గం నుంచి మరొక మార్గానికి మారినా కొత్తగా టికెట్ తీసుకోనక్కరలేదు. మొత్తం ప్రయాణాన్ని ఒకే దూరంగా పరిగణిస్తారు. ఇది ప్రయాణికులకు మేలు చేసే ఏర్పాటు. అయినప్పటికీ మార్గాల అమరికను బట్టి కొన్ని విచిత్రాలు తప్పవు. నాగోల్, ఎల్.బి.నగర్ రోడ్డు మీద ఇరుగుపొరుగు ప్రాంతాలే. మొదటి దశ మార్గాల మీద మాత్రం ఒకచోటి నుంచి రెండవ చోటికి పోవాలంటే నగరం నడిబొడ్డు దాకా వెళ్లి, మార్గాలు మారి, తిరిగి రావలసిందే. ఆ ప్రయాణం ఎవరూ మెట్రోలో చేయరన్నది వేరే సంగతి.

చట్టం ఏమంటున్నది

ఛార్జీల నిర్ణయంలో ఎవరి పాత్ర ఎంత అన్న విషయంపై విలేకరుల సమావేశాలలో తరచుగా ప్రశ్నలు వస్తుంటాయి. మెట్రో రైల్వేల (నిర్వహణ, మెయింటెనెన్స్) చట్టం, 2002లోని 33వ సెక్షన్ ప్రకారం మెట్రో రైల్వే యాజమాన్యం ఛార్జీల నిర్ణాయక కమిటీ సిఫార్సుల మేరకు ఛార్జీలను నిర్ణయించాలి. మార్గం తొలిసారి ప్రారంభమైనపుడు మాత్రం కమిటీ సిఫార్సు లేకుండానే ఛార్జీలు నిర్ణయించుకునే వెసులుబాటు యాజమాన్యానికి ఉన్నది. 2017 నాటి హైదరాబాద్ ఛార్జీలు ఆ విధంగా వచ్చినవే. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేస్తున్న లేదా పనిచేసిన వ్యక్తి అధ్యక్షతన, కేంద్ర ప్రభుత్వం నుంచి ఒకరు, రాష్ట్ర ప్రభుత్వం నుంచి ఒకరు సభ్యులుగా కమిటీ ఏర్పాటు కావాలని 34వ సెక్షన్, కమిటీ సిఫార్సులు యాజమాన్యం శిరసావహించవలసినవని 37వ సెక్షన్ చెబుతున్నాయి.

హైదరాబాద్‌కు సంబంధించి విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ గుడిసేవ శ్యామ్ ప్రసాద్ అధ్యక్షతన ఏర్పాటైన కమిటీ 2022లో ప్రజల నుంచి సూచనలు స్వీకరించి, 2023 జనవరిలో నివేదిక సమర్పించింది. నివేదికకు, అమలుకు మధ్య రెండేళ్లకు పైగా గడిచిపోయింది. తొలి ఛార్జీల నుంచి చూస్తే ఏడున్నర ఏళ్ల వ్యవధి. ఇంతకాలం ఒక్క రూపాయి కూడా పెరగని ఛార్జీ ఒకేసారి పెరిగినపుడు, వార్షిక సగటు ఎంత స్వల్పమైనా ప్రయాణికునికి ఆ సగటు కనిపించదు, పెరిగిన మొత్తమే కనిపిస్తుంది. సంస్థ నష్టాలు రూ.6 వేల కోట్లకు పైబడి పేరుకున్నాయని నిర్వాహక సంస్థ ఎల్ అండ్ టి మెట్రో రైల్ చెప్పిన కారణం వాస్తవమే కావచ్చును గాని, సామాన్యుని నెలసరి ఖర్చులకు అది సమాధానం కాజాలదు.

అదే చట్టం, అదే తరహా కమిటీ ఉన్న ఇతర నగరాల అనుభవం సైతం ఇందుకు దగ్గరగానే ఉన్నది. బెంగళూరులో 2025 ఫిబ్రవరి 9న కొత్త ఛార్జీలు అమలులోకి వచ్చి గరిష్ఠ ఛార్జీ రూ.60ల నుంచి రూ.90లకు చేరింది. అక్కడ కూడా రచ్చ జరిగినది గరిష్ఠ ఛార్జీ మీద కాదు. కొన్ని స్టేషన్ల మధ్య ఛార్జీ రెట్టింపైన సంగతి బయటపడడంతో ప్రయాణికులు తీవ్ర నిరసన తెలిపారు. రోజుల వ్యవధిలోనే ఏ ప్రయాణానికైనా పెంపు 71 శాతం మించకుండా సవరించవలసి వచ్చింది. ఢిల్లీలో 2017లో మే, అక్టోబరు నెలల్లో రెండు విడతలుగా పెంచినపుడు ప్రయాణికుల సంఖ్య తగ్గింది. ఆపై ఎనిమిదేళ్ల తరువాత 2025 ఆగస్టు 25న పెంచినపుడు సాధారణ మార్గాలలో పెంపు రూ.1 నుంచి రూ.4ల లోపునకే పరిమితమైంది.

రాయితీ తరువాత

హైదరాబాద్‌లో మే 24 నుంచి అమలైన 10 శాతం రాయితీ తరువాత పట్టిక రూ.11లు, 17లు, 28లు, 37లు, 47లు, 51లు, 56లు, 61లు, 65లు, 69లుగా మారింది. రాయితీని 10 శాతంగా ప్రకటించినా, మే 17 నాటి అంకెలతో పోల్చితే వాస్తవ తగ్గింపు శ్లాబును బట్టి సుమారు 5.5 నుంచి 8.5 శాతం మధ్య ఉన్నట్లు ఎవరైనా లెక్క వేసి చూడవచ్చును. విలేకరులు ప్రకటనలోని శాతాన్ని కాక, పట్టికలోని రూపాయలను ఉటంకించడం మేలు. పైన చెప్పిన ఇద్దరు ఉద్యోగులకు ఇప్పుడు నెల ఖర్చు వరుసగా రూ.1,924లు, రూ.2,444లు అయింది. పాత ఖర్చుతో పోల్చితే మొదటివారికి రూ.104లు, రెండవవారికి రూ.624లు ఎక్కువ. రాయితీ ఇద్దరికీ కొంత ఊరటనిచ్చింది గాని, ఇద్దరి మధ్య అంతరాన్ని తొలగించలేదు. అంతరం పుట్టినది ధర వల్ల కాదు, హద్దు వల్ల.

రూ.11లు, రూ.17లు వంటి ఛార్జీలు నగదు చెల్లించేవారికి చిల్లర తిప్పలు తెచ్చిపెడతాయి. కార్డు, మొబైల్ టికెట్ వాడేవారికి ఈ బాధ లేదు.

పోలిక దేనితో

కొత్త ఛార్జీ ఎక్కువా, తక్కువా అన్నది ప్రయాణికుడు దేనితో పోల్చుకుంటున్నాడన్న దానిపై ఆధారపడి ఉంటుంది. 2017లో మెట్రో ఛార్జీలు తొలిసారి వెల్లడైనపుడు పోలిక సిటీ బస్సుతోను, 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లతోను జరిగింది. ఆనాటికి ఎంఎంటీఎస్ కనిష్ఠ ఛార్జీ రూ.5లే. ఆర్టీసీ జనరల్ బస్ టికెట్ పాసుకు దశాబ్దాలుగా అలవాటుపడిన చిరుద్యోగులు మెట్రోకు కూడా నెలవారీ పాసు కావాలని తొలి రోజుల నుంచే కోరారు. పాసులో ఉన్న ఆకర్షణ కేవలం తగ్గింపు కాదు. నెల మొదట ఒకసారి చెల్లిస్తే, మధ్యలో ఎన్నిసార్లు ఎక్కి దిగినా ఖర్చు పెరగదన్న నిశ్చింత అందులో ఉన్నది. ప్రతి ప్రయాణాన్నీ కిలోమీటర్లతో కొలిచే పద్ధతి ఈ నిశ్చింతను తీసివేస్తుంది. 20 ప్రయాణాల సొమ్ముకు 30 ప్రయాణాలు చేసే వీలు కల్పిస్తూ 2023 జులైలో ప్రవేశపెట్టిన పాసు విద్యార్థులకు మాత్రమే ఉద్దేశించినది.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ తదితర బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణ సౌకర్యం ప్రారంభమైన తరువాత పోలిక స్వరూపమే మారిపోయింది. మహిళా ఉద్యోగికి ఇప్పుడు ఎంపిక రూ.35లకూ, రూ.47లకూ మధ్య కాదు. సున్నాకూ, రూ.47లకూ మధ్య. రద్దీ బస్సులో గంటకు పైగా నిలబడడం ఒక వైపు, తక్కువ సమయంలో ఏసీ బోగీలో చేరడం మరొక వైపు. సమయానికి విలువ కట్టగలిగినవారు రైలునే ఎంచుకుంటారు. ఆ స్థోమత లేనివారికి ఆ ఎంపిక ఎంపిక కాదు. ఉచిత బస్సు ప్రయాణ ప్రభావం మెట్రో ప్రయాణికుల సంఖ్యపై ఉన్నదని నిర్వాహక సంస్థ వర్గాలు 2024లో పేర్కొన్నాయి కూడా.

పురుష ప్రయాణికులకు బస్సుతో పోలిక 2025 అక్టోబరు 6న మరొక మలుపు తిరిగింది. ఆనాటి నుంచి జంట నగరాలలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలో మొదటి మూడు స్టేజీల వరకు రూ.5లు, నాలుగవ స్టేజీ నుంచి రూ.10లు అదనంగా వసూలు చేయడం ప్రారంభమైంది. బస్సు స్టేజీ కూడా దూరాన్ని కొలిచే కొలమానమే. తేడా ఏమిటంటే, స్టేజీ ఎక్కడ మారుతుందో నిత్య ప్రయాణికునికి అనుభవంతో తెలుసు, తెలియకపోతే కండక్టరు చెబుతాడు. మెట్రోలో తొమ్మిదవ కిలోమీటరు ఏ రెండు స్టేషన్ల నడుమ దాటుతుందో స్తంభాల మీద రాసి ఉండదు.

ఇంటి గుమ్మం నుంచి కార్యాలయం వరకు

ప్రయాణికుల ఫిర్యాదులను పరిశీలించినపుడు మరొక అంశం గమనార్హం. ఛార్జీల గురించి మొదలైన మాట తరచు పార్కింగ్ మీదికి, స్టేషన్ దాకా పోయే షేర్ ఆటో మీదికి, ఉదయం తొమ్మిది గంటల వేళ మూడు బోగీల రైలులో నిలబడే చోటు లేకపోవడం మీదికి మళ్లుతుంది. 2024లో నాగోల్, మియాపూర్ స్టేషన్ల వద్ద అప్పటివరకు ఉచితంగా ఉన్న పార్కింగుకు రుసుము విధించాలని తలపెట్టినపుడు వెల్లువెత్తిన నిరసన టికెట్ ధరకు సంబంధించినది కాకపోయినా, దాని మూలం ఒకటే. ప్రయాణికుడు చెల్లించేది ఇంటి గుమ్మం నుంచి కార్యాలయం వరకు. సంస్థ లెక్క కట్టేది స్టేషన్ నుంచి స్టేషన్ వరకు. 9 కిలోమీటర్ల రైలు ప్రయాణానికి అటు ఒక ఆటో, ఇటు ఒక ఆటో తోడైతే దూరాన్ని బట్టి ఛార్జీ అన్న మాటకు అర్థం ఉండదు. ఆటో ఎక్కిన ప్రతిసారీ కొత్త కనిష్ఠ ఛార్జీతో లెక్క మొదటికి వస్తుంది.

దూరం లెక్కను బస్సు, రైలు రెండింటికీ కలిపి వర్తింపజేసిన నగరాలు విదేశాలలో ఉన్నాయి. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2004 జులై 1న ఈ విధానం వచ్చింది. మొదటి 10 కిలోమీటర్లకు 800 వోన్లు, ఆపైన ప్రతి 5 కిలోమీటర్లకు 100 వోన్లు. బస్సు దిగి రైలెక్కినా మరల కనిష్ఠ ఛార్జీ పడదు. విధానం ఎంత మంచిదైనా మొదటి రోజులలో కార్డు యంత్రాలు మొరాయించడం, దూర ప్రాంతాల వారికి ఛార్జీ పెరగడం వల్ల ప్రజలు ఆగ్రహించగా, నగర మేయర్ బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. ఆ నెలలోనే అక్కడి సబ్‌వేలో నెలవారీ పాసును ప్రవేశపెట్టారు. సింగపూర్ 2010 జులైలో ఇదే బాట పట్టి, మార్గమధ్యంలో బస్సు లేదా రైలు మారినందుకు పడే అదనపు భారాన్ని తొలగించింది. అక్కడ మారి మారి ప్రయాణించేవారు లాభపడగా, ఒకే బస్సులో దూరం పోయేవారికి కొంత పెరిగింది.

హైదరాబాద్ విషయానికి వస్తే, ఛార్జీలపై ఫిర్యాదులు స్వీకరించే అధికారులు, వాటిని ప్రచురించే పాత్రికేయులు ప్రతి సందర్భంలోను ఎక్కిన స్టేషన్, దిగిన స్టేషన్, పాత ఛార్జీ, కొత్త ఛార్జీ అనే నాలుగు వివరాలను నమోదు చేయడం అవసరం. "ఛార్జీలు బాగా పెరిగాయి" అన్న మాటతో కమిటీ గాని, యాజమాన్యం గాని చేయగలిగినది లేదు. ఫలానా రెండు స్టేషన్ల మధ్య రూ.35లు రూ.50లయిందంటే అది శ్లాబు హద్దు మీద పడిన ప్రయాణమని వెంటనే తెలిసిపోతుంది. ఛార్జీలను మరల సవరించే సమయం వచ్చినపుడు, పాత హద్దులను కొత్త హద్దుల పక్కన ఉంచి, స్టేషన్ల జంటల వారీగా పెరుగుదలను ముందుగానే ప్రకటించడంలో సాంకేతికమైన ఇబ్బంది ఏమీ లేదు. మొదటి దశలో ఉన్నవి 57 స్టేషన్లే. ఆ పట్టిక మొత్తం ఒక వార్తాపత్రిక పుటలో ఇమిడిపోతుంది.